రేకు దించే రోజు బాధ్యత ఎవరిది?

పాత రేకుల ఇల్లు కూల్చి డాబా వేసుకునే చోట పని ఎలా సాగుతుందో మన ఊళ్లలో చూడనివారు ఉండరు. ఇద్దరు కూలీలు గోడ ఎక్కుతారు. తుప్పుపట్టిన జె హుక్కులు విప్పడానికి రావు. సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే రేకు పగిలి హుక్కు అదే వదులుతుంది. కొన్ని ముక్కలు కిందికి తోస్తారు, కొన్ని ఇంటి లోపలికే కూలుతాయి. బూడిదరంగు దుమ్ము లేస్తుంది. తలకు చుట్టిన తువ్వాలు కొస ముక్కుకు అడ్డం పెట్టుకోవడమే రక్షణ. బాగున్న రేకులు పశువుల కొట్టం మీదికో, స్నానాల గది చుట్టూ దడికో పోతాయి. ముక్కలు ట్రాక్టరెక్కి చెరువు గట్టుకో, ఊరి బయట గుంతకో చేరతాయి. లేదంటే కొత్త ఇంటి పునాదిలోనే పూడ్చేస్తారు. సాయంత్రానికి చోటు శుభ్రం. పని చేసినవాళ్లలో ఎవరికీ దగ్గు కూడా రాదు.

ఆ రోజు దగ్గు రాకపోవడమే ఇందులోని మోసం. ఆ దుమ్ములో ఉన్న ఆస్బెస్టాస్ పోగులు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి తెచ్చే జబ్బు బయటపడటానికి సాధారణంగా 20 నుంచి 40 ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ ఇల్లు ఎవరిదో, ఆ కూలీ ఎవరో, ఆ రేకు ఏ కంపెనీదో ఎవరికీ గుర్తుండదు.

ఆస్బెస్టాస్ మాట ఎప్పుడు వచ్చినా మన దగ్గర చర్చ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ రేకుల కింద కాపురం ఉండొచ్చా, ఉండకూడదా? ప్రశ్న సహజమే. దానికి నిజాయితీగా చెప్పవలసిన జవాబు ఏమిటంటే, పగలకుండా, అరగకుండా ఉన్న సిమెంటు రేకు నుంచి గాలిలోకి వచ్చే పోగులు తక్కువ. దాని కింద నిద్రపోతున్నవాళ్లను భయపెట్టి రేపే రేకులు పీకించడం మేలు కంటే కీడే చేస్తుంది. అసలు ప్రమాదం రేకును కోసినప్పుడు, దానికి రంధ్రం వేసినప్పుడు, అది పగిలినప్పుడు, దించినప్పుడు, పారేసినప్పుడు. లక్షల ఇళ్ల మీద, షెడ్ల మీద, కోళ్ల ఫారాల మీద ఉన్న ఈ రేకులన్నీ ఏదో ఒక రోజు దిగాల్సినవే. ఆ రోజు కోసం మన రెండు రాష్ట్రాలూ చేసుకున్న ఏర్పాటు దాదాపు శూన్యం.

రేకులో ఏముందో ముందు చూద్దాం. బరువులో సుమారు 8 నుంచి 10 శాతం ఆస్బెస్టాస్, మిగతాది సిమెంటు, ఫ్లైయాష్, కాస్త కాగితపు గుజ్జు. 3 మీటర్ల రేకు ఒకటి 40 కిలోల దాకా తూగుతుంది. 20 రేకులు కప్పిన చిన్న ఇంటి మీద 800 కిలోల సరుకు ఉందన్నమాట. అందులో ఆస్బెస్టాస్ 64 నుంచి 80 కిలోలు. ఆస్బెస్టాస్ రాయే అయినా పత్తి పోగులా విడిపోతుంది, చీల్చిన కొద్దీ సన్నని పోగులుగా చీలుతూనే ఉంటుంది. అగ్గికి కాలదు, నీటికి చివకదు. పరిశ్రమకు ఇది నచ్చింది ఈ గుణాల వల్లే. ఊపిరితిత్తులు దీన్ని వదిలించుకోలేకపోవడానికి కారణమూ అవే. దుమ్మును మింగి శుభ్రం చేసే కణాలు ఈ పొడవాటి పోగును మింగలేక చచ్చిపోతాయి, వాటి చుట్టూ వాపు మొదలవుతుంది, ఏళ్ల తరబడి సాగుతుంది. ఆ వాపు కొందరిలో ఊపిరితిత్తులను గట్టిపరిచే ఆస్బెస్టోసిస్‌గా మారుతుంది. కొందరికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది, పొగ తాగే అలవాటు కూడా ఉంటే ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. ఇంకొందరికి ఊపిరితిత్తుల పైపొరకు మీసోథీలియోమా అనే క్యాన్సర్ వస్తుంది. ఇది వచ్చిందంటే వెనక ఆస్బెస్టాస్ ఉందని వైద్యులు దాదాపుగా తేల్చి చెప్పగలరు. దీనికి నయం చేసే మందు లేదు. ఇంత వరకు పీలిస్తే ఫరవాలేదని చెప్పగల హద్దు కూడా ఎవరూ చూపలేకపోయారు. పని బట్టలు ఇంట్లో ఉతికిన భార్యలకు మీసోథీలియోమా వచ్చిన సందర్భాలు పలు దేశాల వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

ఇదంతా కొత్తగా తెలిసింది కాదు. ఇంగ్లండులో రోచ్‌డేల్ ఆస్బెస్టాస్ కార్ఖానాలో పనిచేసి చనిపోయిన ఒక స్త్రీ గురించి అక్కడి వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది 1924లో. దక్షిణాఫ్రికా గనుల చుట్టుపక్కల మీసోథీలియోమా రోగులను వాగ్నర్ బృందం 1960లో వివరించింది. వాళ్లలో గనిలో ఎన్నడూ పనిచేయని ఊరివాళ్లు కూడా ఉన్నారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాల ఆస్బెస్టాస్‌నూ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది, 2012 సమీక్షలోనూ అదే మాట ఖాయం చేసింది. వృత్తిరీత్యా ఆస్బెస్టాస్ బారిన పడి ప్రపంచంలో ఏటా 2 లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

పరిశ్రమ వాదన ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. మన రేకుల్లో వాడేది తెల్ల ఆస్బెస్టాస్, అంటే క్రైసోటైల్. నీలం, గోధుమ రంగు రకాల కంటే ఇది శరీరంలో త్వరగా కరుగుతుంది, సిమెంటులో బిగిసి ఉంటుంది, కార్ఖానాలో దుమ్మును అదుపు చేస్తే చాలు అంటారు. మొదటి మాటలో కొంత నిజం ఉంది. మీసోథీలియోమా విషయంలో నీలం రకం తెల్లదాని కంటే చాలా ప్రమాదకరం. కానీ తక్కువ ప్రమాదమంటే ప్రమాదం లేదని అర్థం కాదు, తెల్లది కూడా క్యాన్సర్ తెస్తుందన్న విషయంలో ఇప్పుడు శాస్త్రీయ సందేహం మిగల్లేదు. ఇక అదుపు సంగతి. కార్ఖానాలో దుమ్ము పీల్చే యంత్రాలు పెట్టవచ్చు, గాలిని కొలవవచ్చు. రేకు గేటు దాటాక దాన్ని కోసేది రంపపు బ్లేడు బిగించిన చేతి యంత్రంతో ఊరి మేస్త్రీ. పైకప్పులో గొట్టం పెట్టడానికి రంధ్రం కొట్టేది ప్లంబరు. ముప్పై ఏళ్లకు దాన్ని పగలగొట్టేది దినసరి కూలీ. ఆ అదుపు వీళ్ల దాకా ఎప్పుడూ రాలేదు, వస్తుందని నమ్మడానికి ఆధారమూ లేదు.

ఈ ఖనిజంతో తెలుగు నేలకు ఉన్న బంధం చాలామందికి తెలియదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, బ్రాహ్మణపల్లె పరిసరాల్లో, వేంపల్లె సున్నపురాయి పొరల్లోకి శిలాద్రవం చొచ్చుకొచ్చిన చోట తెల్ల ఆస్బెస్టాస్ ఏర్పడింది. దేశంలో మేలురకం తెల్ల ఆస్బెస్టాస్ దొరికిన చోటుగా దానికి పేరు. దశాబ్దాల పాటు అక్కడ తవ్వారు. కేంద్రం 1986లో కొత్త గనుల లీజులు ఆపింది, 1993లో పాత లీజుల పునరుద్ధరణ కూడా ఆపింది. కారణం కార్మికుల ఆరోగ్యం. అంటే మన భూమిలోంచి మన మనుషులు తవ్వడం ప్రమాదమని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. కానీ అదే ఖనిజాన్ని రష్యా నుంచి, కజకిస్థాన్ నుంచి, బ్రెజిల్ నుంచి ఏటా మూడు లక్షల టన్నులకు పైగా తెచ్చుకుంటూ ప్రపంచంలోనే అతిపెద్ద దిగుమతిదారుగా నిలిచాం. బ్రెజిల్ కథ మరీ బాధాకరం. ఆ దేశ సుప్రీంకోర్టు 2017లో ఆస్బెస్టాస్‌ను దేశమంతటా నిషేధించింది. ఆ తర్వాత కూడా ఎగుమతి కోసమంటూ ఒక రాష్ట్రం గని తెరిచే ఉంచింది. తమ ఇళ్ల మీద వద్దనుకున్న సరుకు మన ఇళ్ల మీదికి వస్తోంది.

పరిశ్రమకూ ఇదే నేల. హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ 1946లో మొదలైంది. దాని చార్మినార్ రేకులన్న మాట తెలుగునాట రేకుకు మారుపేరైంది. జగద్గిరిగుట్ట, కూకట్‌పల్లి వైపు ఈ ఖనిజం పేరుతోనే కాలనీలున్నాయి. ఆ పేరు కంపెనీ ఉద్యోగానికి, నెల జీతానికి గుర్తుగా నిలిచిన రోజుల్లో దాన్ని ఎవరూ అనుమానంగా చూడలేదు.

పేదలు రేకును ఎందుకు కోరుకున్నారో మరిచిపోయి మాట్లాడటం అన్యాయం. కోస్తాలో తాటాకు ఇళ్లు, తెలంగాణలో గడ్డి గుడిసెలు ఎండాకాలంలో ఒకదాని నుంచి ఒకటి అంటుకుని వాడలకు వాడలే బూడిదైన రోజులు పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. రెండేళ్లకోసారి ఆకు మార్చాలి, వానకు కారుతుంది, పాము దూరుతుంది. అలాంటి ఇంటి మీద సిమెంటు రేకు పడటమంటే ఒక మెట్టు ఎక్కినట్టే. ఇనుప రేకు తుప్పు పడుతుంది, వాన మోత ఎక్కువ. సిమెంటు రేకుకు అవి లేవు, ధర తక్కువ. ఆ కుటుంబాలు చేసింది తప్పు కాదు. వాళ్లకు అందుబాటులో ఉన్నవాటిలో మేలైనదే ఎంచుకున్నారు. దాని ప్రమాదం తెలిసి కూడా చెప్పనిది అమ్మినవాళ్లు, అనుమతించినవాళ్లు.

ఇలాంటి చరిత్రే దక్షిణ కొరియాది. 1970ల్లో గ్రామాల అభివృద్ధి ఉద్యమంలో భాగంగా అక్కడి ప్రభుత్వమే గడ్డి కప్పులు తీయించి ఆస్బెస్టాస్ రేకులు వేయించింది. ఆ దేశం 2009లో ఆస్బెస్టాస్‌ను నిషేధించింది. 2011 నుంచి గ్రామాల్లో ఆ రేకులు దించడానికి ప్రభుత్వమే డబ్బిస్తోంది, ఆస్బెస్టాస్ జబ్బులపాలైనవారికి పరిహారచట్టం కూడా అదే ఏడాది అమల్లోకి వచ్చింది. అక్కడి ప్రభుత్వం తానే వేయించిన కప్పును తానే దించే బాధ్యత తీసుకుంది. పోలండ్ ఇంకో దారి పట్టింది. 1997లో చట్టం చేసి, దేశంలోని ఆస్బెస్టాస్ మొత్తాన్ని 2032 నాటికి తొలగించాలని గడువు పెట్టుకుంది, ఏ ఊళ్లో ఏ ఇంటి మీద ఎంత ఉందో లెక్క కట్టించింది.

మన లెక్క సంగతి చూడండి. 2011 జనగణనలో ఇంటి పైకప్పు గురించి అడిగారు. సమాధానాల్లో జింకు రేకు, లోహపు రేకు, ఆస్బెస్టాస్ రేకు, మూడూ ఒకే గడిలో పడ్డాయి. దేశంలో ఆరింట ఒక ఇంటికి ఆ గడిలో టిక్కు పడింది. అందులో ఆస్బెస్టాస్ ఎంతో విడదీసి చెప్పే వీలు లేదు. ఎంత ఉందో తెలియని దాన్ని ఎక్కడ పారేయాలో ఎవరు ఆలోచిస్తారు?

పైగా ఇది ఇళ్లతో ఆగదు. గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలు, రైసు మిల్లులు, గోదాములు, పారిశ్రామికవాడల షెడ్లు, పాత బడుల వరండాలు, మధ్యాహ్న భోజనం వండే పాకలు అన్నిటి మీదా ఇవే. భూమిలోపల పాత మునిసిపాలిటీల ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) నీటి పైపులూ ఇదే సరుకు. ఆ నీళ్లు తాగితే క్యాన్సర్ వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు కాబట్టి ఆ భయం అక్కర్లేదు. కానీ లీకేజీ వచ్చిన చోట గుంత తవ్వి, ఆ పైపును పొడిగా కోసే కార్మికుడికి రేకు కోసే మేస్త్రీకి ఉన్న ముప్పే ఉంది.

రేకు ముసలిదయ్యే తీరు కూడా గమనించాలి. ఎండకు, వానకు పైనున్న సిమెంటు పొర కొద్దికొద్దిగా కరిగి పోగులు పైకి తేలతాయి. పాకుడు పట్టి నల్లబడుతుంది. వాన నీటితో ఆ పోగులు చూరు కింద మట్టిలోకి చేరి, ఎండాకాలంలో దుమ్ముతో లేస్తాయి. వేసవి వేడికి రేకుల మీద తెల్లసున్నం, చలువ పెయింటు వేసుకోవడం ఇప్పుడు పెరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చలువ పైకప్పుల విధానమే తెచ్చింది. మంచి విధానం, పేదల ఇంట్లో కొన్ని డిగ్రీల వేడి తగ్గడం చిన్న సంగతి కాదు. పైగా పెయింటు పోగులను పట్టి ఉంచుతుంది కూడా. కానీ పెయింటుకు ముందు పాకుడును ఇనుప బ్రష్షుతో పొడిపొడిగా గీకితే ఇంటిల్లిపాదీ ఆ పోగులు పీల్చినట్టే. నీళ్లతో తడిపి, మెత్తని బ్రష్షుతో మాత్రమే తుడవాలన్న ఒక్క వాక్యం ఆ పథకం కరపత్రంలో ఉంటే చాలు.

తుపాను వచ్చిందంటే ముప్పై ఏళ్ల పని ఒక్క రాత్రిలో జరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళాన్ని ఊడ్చేసినప్పుడు ఎగిరిన రేకులు, పిండైన రేకులు లెక్కకు అందనివి. శిథిలాలు తీసినవాళ్లలో పారిశుద్ధ్య కార్మికులున్నారు, విద్యార్థి వాలంటీర్లున్నారు, ఇంటివాళ్లున్నారు. 1995 కోబె భూకంపం తర్వాత శిథిలాలు తొలగించిన కార్మికుల్లో మీసోథీలియోమా బయటపడటం జపాన్ ఏళ్ల తర్వాత చూసింది. తుపాను సన్నద్ధతలో ఒడిశాతో పాటు ఆంధ్రప్రదేశ్‌కు మంచి పేరే ఉంది. ఆ సన్నద్ధత జాబితాలో రేకుల శిథిలాల కోసం మాస్కులు, నీటి స్ప్రేలు, మందపాటి పాలిథిన్ సంచులు కూడా చేరాలి.

ఇక పారేసే చోటు. కేంద్రం 2016లో తెచ్చిన ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ఆస్బెస్టాస్ ఉత్పత్తిలో మిగిలే వ్యర్థాలను ప్రమాదకరమైనవిగా గుర్తించాయి, ఆస్బెస్టాస్ దుమ్మును, పోగులను వ్యర్థాలుగా దిగుమతి చేసుకోవడాన్ని నిషేధించాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 1986లోనే ఆస్బెస్టాస్ వ్యర్థాలను ఎలా పారేయాలో ఒక ప్రమాణం రాసిపెట్టింది. కార్ఖానా గోడ లోపల ముక్కకు నిబంధన ఉంది. ఊళ్లో ఇంటి మీంచి దిగిన ముక్కను మాత్రం ఎవరికి అప్పగించాలో పంచాయతీకి తెలియదు, మునిసిపాలిటీకి తెలియదు. దుండిగల్‌లో, పరవాడలో ప్రమాదకర వ్యర్థాలను శాస్త్రీయంగా పూడ్చే కేంద్రాలున్నాయి. కానీ అవి పరిశ్రమల కోసం, లారీల లెక్కన రుసుము తీసుకుని పనిచేసేవి. ఆసిఫాబాద్ జిల్లాలో పది రేకులు దించినవాడు దుండిగల్‌కు లారీ కట్టుకుంటాడా? హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో భవన శిథిలాలను పిండి చేసి ఇసుకగా, ఇటుకలుగా మార్చే కేంద్రాలు నడుస్తున్నాయి. అది మెచ్చుకోవలసిన పనే. కానీ ఆ శిథిలాల్లో రేకు ముక్కలు కలిసి క్రషర్‌లో పడితే పోగులు కొత్త ఇటుకలోకీ చేరతాయి, చుట్టూ గాలిలోకీ చేరతాయి. వేరు చేయడమన్నది గేటు దగ్గర కాదు, కూల్చే చోటే జరగాలి.

వ్యర్థాన్ని ఊరికి వదిలేస్తే ఏమవుతుందో ఇటలీలోని కాసాలె మోన్‌ఫెర్రాతో పట్టణం చెబుతుంది. అక్కడ ఎటర్నిట్ కంపెనీ 1907 నుంచి 1986 దాకా ఆస్బెస్టాస్ సిమెంటు తయారు చేసింది. మిగిలిన పొడిని, తుక్కును ఊరివాళ్లు తీసుకెళ్లి పెరట్లో పరిచారు, అటకల మీద పోశారు. కార్ఖానా మూతపడి దశాబ్దాలు గడిచినా అందులో ఎన్నడూ అడుగుపెట్టనివాళ్లు మీసోథీలియోమాతో చనిపోతూనే ఉన్నారు. మన ఊళ్లో రేకు ముక్కలు బురదలో అడుగు వేయడానికి పరుస్తారు. పిల్లలు మంటలో వేస్తే ఠాప్‌మని పేలుతుంది, అదొక ఆట.

చేయవలసిన పని పెద్ద శాస్త్రమేమీ కాదు. రేకును ముందు తడపాలి. హుక్కును కోసి రేకును నిండుగా దించాలి, కిందికి విసరకూడదు. పొడి చీపురు పట్టకూడదు. బట్ట చాలదు, ఆస్బెస్టాస్‌కు తగిన పీ-100 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ-3 స్థాయి మాస్కు కావాలి. మందపాటి పాలిథిన్‌లో రెండు పొరలుగా చుట్టి, గుర్తు వేసి, ఒకే చోట లోతుగా పూడ్చాలి. పాత రేకు మీద అడుగేస్తే విరిగి కిందపడి చనిపోతున్న కూలీలూ ఉన్నారు కాబట్టి పలకల మీద నడిచే ఏర్పాటు, నడుముకు తాడు కూడా అవసరం. ఇవన్నీ చేయడానికి ఒక ఇంటికి ఒకరోజు అదనపు కూలీ, కొంత సామగ్రి పడుతుంది. ఆ ఖర్చు రేకుల ఇంటివాడి మీద వేస్తే అతను ఎప్పటిలాగే సుత్తి పట్టుకుంటాడు. తప్పు పట్టలేం.

అందుకే ఆ ఖర్చు ప్రభుత్వం, కంపెనీలు పంచుకోవాలి. ప్లాస్టిక్‌కు, బ్యాటరీలకు, టైర్లకు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు తయారీదారు బాధ్యత అనే నిబంధన ఇప్పటికే ఉంది. అమ్మినవాడే తిరిగి తీసుకోవాలన్న ఆ సూత్రం ఆస్బెస్టాస్ రేకుకు వర్తించకపోవడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించదు. ఇక పీఎం ఆవాస్, ఇందిరమ్మ ఇళ్ల వంటి పథకాల్లో పాత కప్పు తీసి కొత్త ఇల్లు కట్టుకునే ప్రతి చోటా రేకు దించే ఖర్చును అంచనాల్లో ఒక పద్దుగా చేర్చవచ్చు. మండలానికొక చోట తాత్కాలిక సేకరణ కేంద్రం పెట్టి, అక్కడినుంచి జిల్లా యంత్రాంగమే లారీలో తరలించవచ్చు.

జబ్బుపడినవాళ్ల విషయానికి వస్తే, సుప్రీంకోర్టు 1995 జనవరిలో ఇచ్చిన తీర్పు ఇప్పటికీ గొప్పదే. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం జీవించే హక్కులో భాగమంది. ఉద్యోగంలో చేరిన నాటినుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా ఆరోగ్య రికార్డులు ఉంచాలంది. ఆస్బెస్టోసిస్ చట్టప్రకారం తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు. కానీ ఈ రక్షణ అంతా ఫ్యాక్టరీ హాజరుపట్టీలో పేరున్నవారికే. రేకు కప్పే మేస్త్రీ, దించే కూలీ ఏ పట్టీలోనూ లేరు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందని పెద్దాసుపత్రికి వచ్చిన అరవై ఏళ్ల మనిషికి మన దగ్గర ముందు క్షయ మందులు మొదలవుతాయి. క్షయ ఎక్కువున్న దేశంలో ఆ అనుమానం సరైనదే. కానీ నువ్వు ముప్పై ఏళ్ల కింద ఏం పని చేశావని అడిగే గడి కేసు షీటులో ఉండాలి. దేశంలో మీసోథీలియోమా కేసులు తక్కువని చూపించి ప్రమాదం లేదని వాదించేవారున్నారు. అడగని జబ్బు లెక్కకు రాదు. రాజస్థాన్ 2019లో దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులకు ప్రత్యేక విధానం తెచ్చి, అసంఘటిత కార్మికులనూ అందులో చేర్చింది. రాయి కొట్టేవాళ్లు, క్వారీ కార్మికులు వేలల్లో ఉన్న మన రాష్ట్రాలకు అలాంటిది ఎప్పుడో రావలసింది.

నిషేధం మాటేమిటి? అరవైకి పైగా దేశాలు నిషేధించాయి. ఐరోపా కూటమి 2005కల్లా పూర్తి చేసింది, అమెరికా 2024లో తెల్ల ఆస్బెస్టాస్‌ను కూడా నిషేధించింది, పక్కనున్న నేపాల్ కూడా ఆ పని చేసింది. శ్రీలంక ప్రయత్నించి ఆగింది. 2017 చివర్లో రష్యా ఆ దేశపు టీ దిగుమతిని పురుగు సాకుతో ఆపగానే నిషేధం వాయిదా పడింది. మన దేశమూ అంతర్జాతీయ వేదిక మీద తడబడింది. ప్రమాదకర రసాయనాల జాబితాలో తెల్ల ఆస్బెస్టాస్‌ను చేర్చడానికి 2011లో జెనీవాలో ఒప్పుకుని చప్పట్లు కొట్టించుకున్న భారత్, 2013లో మళ్లీ అడ్డుపడింది. నిషేధం కోరిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2011లో తోసిపుచ్చింది. దిగుమతి ఆపడం ఢిల్లీ చేతిలోని పని. ఆ ఒత్తిడి తెలుగు ఎంపీల నుంచి గట్టిగా రావాలి, ఎందుకంటే ఈ పరిశ్రమ కేంద్రం మన హైదరాబాదే. ఉద్యోగాలు పోతాయన్న భయానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. హైదరాబాద్ కంపెనీలే కృత్రిమ పోగులతో ఆస్బెస్టాస్ లేని రేకులు, బోర్డులు చేసి అమ్ముతున్నాయి. ధరలో తేడా ఉంది. పన్నులో రాయితీ ఇచ్చి, ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారై ఆ తేడాను తగ్గించవచ్చు.

ఢిల్లీ నిర్ణయం కోసం ఆగక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. బడులు, అంగన్‌వాడీలు, ఆసుపత్రులు, మార్కెట్ యార్డులు రాష్ట్రాలవి. కేరళ మానవ హక్కుల కమిషన్ 2009లోనే బడుల మీద ఆస్బెస్టాస్ రేకులు తీయించమంది. ఇకమీదట ఏ ప్రభుత్వ భవనానికీ ఆస్బెస్టాస్ రేకు వాడకూడదని, ఉన్నవాటిని పిల్లలు లేని సెలవుల్లో తడిపి నిండుగా దించాలని, ఆ పని చేసే కూలీల పేర్లు నమోదు చేయాలని ఒక జీవో చాలు. అందులో పూడ్చే చోటు పేరు కూడా రాయాలి.